గామా రే బరస్ట్ ధ్రువణం: అంతరిక్ష కేంద్రం మీద నుంచి ఎలా కొలుస్తారు, 80 శాతమూ 10 శాతమూ రెండూ ఎలా వస్తాయి

మీరు అడిగినదాంట్లో నిజానికి మూడు ప్రశ్నలున్నాయండి. గామా రే బరస్ట్ అంటే దూరపు ఆకాశంలో కొన్ని సెకన్ల పాటు గామా కిరణాలు విరజిమ్మే పేలుడు. ధ్రువణం అంటే ఆ కాంతి విద్యుత్ క్షేత్రం ఎంతవరకు ఒకే దిశలో ఊగుతోందన్నది, దాన్ని శాతాల్లో చెబుతాం. ఎప్పుడు పేలుతుందో, ఆకాశంలో ఏ మూల పేలుతుందో తెలియని గామా రే బరస్ట్ ధ్రువణాన్ని అంతరిక్ష కేంద్రం మీద బిగించిన పెట్టె ఎలా పట్టుకుంటుంది? ఒక పేపర్ 80 శాతం అంటే ఇంకో పేపర్ 10 శాతం అంటోంది, ఎవరిని నమ్మాలి? మన ఇస్రో పంపిన ఎక్స్-రే ధ్రువణ ఉపగ్రహం ఎక్స్‌పోశాట్ ఈ పని చెయ్యలేదా? మొదటిదానికి జవాబు పాఠ్యపుస్తకాల్లోనూ కొంత దొరుకుతుంది. చిక్కంతా రెండోదాంట్లో ఉంది. ఈ తరహా డిటెక్టర్ల డేటాతో చాలా ఏళ్లుగా కుస్తీ పడుతున్నవాణ్ని కాబట్టి ఎక్కువసేపు అక్కడే ఆగుతాను. రాయడానికి వీలుగా బరస్ట్‌ని ఇకపై జీఆర్‌బీ అంటాను.

ముందు భౌతికశాస్త్రం. మామూలు వెలుగైతే పోలరాయిడ్ షీట్ అడ్డం పెట్టి తిప్పితే సరిపోతుంది. 200 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న గామా ఫోటాన్‌కి, అంటే కాంతి కణానికి, ఆ షీటు ఉన్నా లేనట్టే. అందుకని కాంప్టన్ స్కాటరింగ్‌ని ఆశ్రయిస్తాం. ఫోటాన్ ఒక ఎలక్ట్రాన్‌ని గుద్ది పక్కకి మళ్లేటప్పుడు, తన విద్యుత్ క్షేత్రం ఊగే దిశకి లంబంగా ఉన్న వైపుకి వెళ్లడానికే ఎక్కువ మొగ్గుతుంది. ఈ స్కాటరింగ్‌ని లెక్కగట్టే క్లైన్-నిషినా సూత్రంలో కాస్ స్క్వేర్ ఫై ఉన్న పదం చెప్పేది ఇదే. ఇది మొగ్గు మాత్రమే, నియమం కాదు. కాబట్టి ఒక్క ఫోటాన్‌ని చూసి ఏమీ తేల్చలేం. కొన్ని వేల ఫోటాన్లు ఎటెటు మళ్లాయో కోణాలవారీగా గ్రాఫ్ గీస్తే, ధ్రువణం ఉన్నప్పుడు ఆ గ్రాఫ్ 180 డిగ్రీలకోసారి లేచి పడుతుంది. ఎంత ఎత్తున లేచిందన్నది ధ్రువణ శాతాన్ని, ఎక్కడ లేచిందన్నది ధ్రువణ కోణాన్ని చెబుతాయి. ధ్రువణం ఏమాత్రం లేకపోతే గీత చదునుగా ఉండాలి. ఈ ‘ఉండాలి’ దగ్గరికి మళ్లీ వస్తాను.

అంతరిక్ష కేంద్రం అన్నారు కాబట్టి జీఆర్‌బీ ధ్రువణం కొలిచే పోలార్ అనే పరికరాన్నే ఉదాహరణగా తీసుకుందాం. చైనా తియాన్‌గాంగ్-2 స్పేస్ ల్యాబ్‌తో పాటు 2016 సెప్టెంబర్ 15న పైకి వెళ్లింది. చైనా, స్విట్జర్లాండ్, పోలండ్ శాస్త్రవేత్తలు కలిసి కట్టారు. లోపల 1600 ప్లాస్టిక్ సింటిలేటర్ (రేడియేషన్ తగిలితే మెరిసే) కడ్డీలు, ఒక్కోటి 5.8 మిల్లీమీటర్ల మందం, 17.6 సెంటీమీటర్ల పొడవు. అగరబత్తుల కట్టని నిలబెట్టినట్టు పక్కపక్కనే నిలువుగా పేర్చి ఉంటాయి. 64 కడ్డీలకి ఒక మాడ్యూల్, మొత్తం 25 మాడ్యూళ్లు. ఒక్కో మాడ్యూల్ కింద 64 గదులున్న ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్ (చిన్న మెరుపుని విద్యుత్ సంకేతంగా మార్చి పెంచేది), కడ్డీకో గది. 50 నుంచి 500 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య వచ్చే ఫోటాన్ల కోసం దీన్ని తయారుచేశారు.

ఒక ఫోటాన్ వెంట వెళ్లి చూడండి. పైనుంచి వచ్చి ఒక కడ్డీలో ఎలక్ట్రాన్‌ని గుద్దింది. పోగొట్టుకున్న కాస్త శక్తి అక్కడ చిన్న వెలుగుగా మెరిసింది. మిగిలిన శక్తితో పక్కకి మళ్లి, నాలుగు కడ్డీలు దాటి ఐదోదాంట్లో మళ్లీ గుద్దింది. అక్కడా ఒక మెరుపు. ఎలక్ట్రానిక్స్‌కి రెండూ ఒకేసారి జరిగినట్టే కనిపిస్తాయి. ఆ రెండు కడ్డీలని కలుపుతూ గీత గీస్తే స్కాటరింగ్ కోణం వచ్చేసింది. రెండు మెరుపులూ పక్కపక్క కడ్డీల్లోనే ఉంటే ఆ గీత దిశ ఎటైనా ఉండొచ్చు, అందుకని అలాంటివాటిని పక్కన పెట్టేస్తాం. ప్లాస్టిక్కే ఎందుకంటే, అందులో ఉన్నవన్నీ కార్బన్, హైడ్రోజన్ లాంటి తేలిక పరమాణువులు. బరువైన పదార్థమైతే తక్కువ శక్తి ఫోటాన్‌ని ఫోటోఎలక్ట్రిక్ ప్రక్రియలో అక్కడికక్కడే మింగేస్తుంది, మళ్లనివ్వదు. దీనికి మూల్యం కూడా ఉంది. ప్లాస్టిక్ శక్తిని సరిగా కొలవలేదు. బరస్ట్ స్పెక్ట్రమ్ (ఏ శక్తిలో ఎంత వెలుగు వచ్చిందన్న లెక్క) కోసం ఫెర్మీ, స్విఫ్ట్ ఉపగ్రహాల ముందు చెయ్యి చాచాల్సిందే.

ఇక స్టేషన్ ఎందుకు? దూరపు నక్షత్రం మీదికి గురిపెట్టే టెలిస్కోప్‌కి అంతరిక్ష కేంద్రం మంచి చోటు కాదు. అది భూమి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, ఊగుతుంది, ఏ దిశా నిలకడగా ఉండదు. జీఆర్‌బీకి మాత్రం గురి అక్కర్లేదు, ఎందుకంటే ఎక్కడ పేలుతుందో ఎవరికీ తెలియదు. ఆకాశంలో సగాన్ని ఒకేసారి చూసే పెట్టెని భూమికి ఎదురు దిశలో, పైకి తిప్పి బిగిస్తే చాలు. కరెంటు, డేటా లింకు, చల్లబరిచే ఏర్పాట్లు స్టేషనే ఇస్తుంది. సొంతంగా ఉపగ్రహం కట్టే ఖర్చు తప్పుతుంది. అమెరికాలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కోసం ప్రతిపాదించిన లీప్ అనే పరికరం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. నాసా 2022లో దాన్ని అధ్యయన దశకి ఎంపిక చేసింది.

సుఖం ఉన్న చోటే చిక్కులూ ఉన్నాయి. పెట్టె కింద టన్నుల కొద్దీ లోహం ఉంటుంది. బరస్ట్ నుంచి వచ్చిన ఫోటాన్లలో కొన్ని ముందు స్టేషన్ గోడకి తగిలి, అక్కడి నుంచి మళ్లి డిటెక్టర్‌లోకి వస్తాయి. ఇంకొన్ని భూమి వాతావరణానికి తగిలి వెనక్కి వస్తాయి. స్కాటర్ అయిన ఫోటాన్‌కి ఆ స్కాటరింగ్ వల్లే కొంత ధ్రువణం అంటుకుంటుంది. అసలు మూలంలో లేని ధ్రువణాన్ని స్టేషన్ పుట్టించిందన్నమాట. దీన్ని సవరించాలంటే పెట్టెని మాత్రమే కాదు, అది కూర్చున్న ఇంటిని కూడా కంప్యూటర్‌లో కట్టాలి. ఎక్కడ ఎంత మందం అల్యూమినియం ఉందో రాసుకుని, జియాంట్-4 అనే కణాల సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో కోట్ల ఫోటాన్లని దాని మీదికి వదలాలి. కక్ష్య సంగతి సరేసరి. దక్షిణ అట్లాంటిక్ మీదుగా వెళ్లేటప్పుడు ఆవేశకణాల జోరు ఎంతలా ఉంటుందంటే అక్కడ హై వోల్టేజ్ తగ్గించుకోక తప్పదు. భూమి ధ్రువాల వైపు జరిగేకొద్దీ బ్యాక్‌గ్రౌండ్, అంటే బరస్ట్‌తో సంబంధం లేని కణాల సందడి, పెరుగుతుంది. అదృష్టం ఏమిటంటే జీఆర్‌బీ కొన్ని సెకన్ల వ్యవహారం. దానికి ముందూ వెనకా ఉన్న నిమిషాల నుంచి బ్యాక్‌గ్రౌండ్‌ని బాగానే అంచనా వెయ్యొచ్చు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న.

ధ్రువణం లేకపోతే గీత చదునుగా ‘ఉండాలి’ అన్నాను కదా. ఉండదు. పోలార్ కడ్డీలు చదరంగా పేర్చి ఉన్నాయి కాబట్టి అడ్డంగా, నిలువుగా కొన్ని దిశల్లో ఎక్కువ జతలు దొరుకుతాయి, ఐమూలగా వేరే లెక్క. ధ్రువణం సున్నా ఉన్న కాంతి పడ్డా గీత 90 డిగ్రీలకోసారి లేస్తుంది. అదొక్కటే అయితే పర్వాలేదు, 180 డిగ్రీల ఊగుని దాన్నుంచి విడదీయొచ్చు. బరస్ట్ నెత్తి మీద కాకుండా పక్కగా, 40 డిగ్రీల వాలులో పేలిందనుకోండి. పెట్టెకి ఒక వైపు ఎక్కువ ఫోటాన్లు పడతాయి, అడ్డంగా మళ్లినవాటికీ నిలువుగా మళ్లినవాటికీ తేడా వస్తుంది. అప్పుడు పుట్టే ఊగు అచ్చం ధ్రువణంలాగే 180 డిగ్రీలది. చూపు ఎంత పదునుగా ఉన్నా గ్రాఫ్ చూసి తేడా చెప్పలేరు. ఆ దిశ నుంచి ధ్రువణం లేని కాంతి వస్తే ఏమయ్యేదో సిమ్యులేషన్‌లో లెక్కగట్టి, కొలిచినదాన్ని దాంతో పోల్చడం తప్ప దారి లేదు. అంటే బరస్ట్ ఎక్కడ పేలిందో కచ్చితంగా తెలిసి ఉండాలి, దాని స్పెక్ట్రమ్ తెలిసి ఉండాలి, ఒక కడ్డీలో మెరిసిన వెలుగు పక్క కడ్డీ గదిలోకి ఎంత చిందుతోందో ఒక్కో జతకీ తెలిసి ఉండాలి. అలా చిందిన వెలుగు లేని రెండో మెరుపుని సృష్టిస్తుంది. పోలార్‌ని పంపేముందు, 2015లో, ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో, ఎలక్ట్రాన్లని వేగంగా తిప్పి ఎక్స్-రేలు పుట్టించే సింక్రోట్రాన్ యంత్రం దగ్గర, ధ్రువణం ముందే తెలిసిన ఎక్స్-రే కిరణాలతో పరీక్షించారు. పెట్టెలో నాలుగు సోడియం-22 ముక్కలు కూడా పెట్టారు. వాటి నుంచి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్లు జంటగా, ఎదురెదురు దిశల్లో పోతాయి కాబట్టి పైకి వెళ్లాక కూడా కడ్డీల స్పందన మారిందో లేదో చూసుకోవచ్చు. డబ్బు, శ్రమ ఎక్కువగా పోసేది ఇలాంటి చోటే. వార్తల్లో మాత్రం దీని ఊసుండదు.

ఇది సరిగా చెయ్యకపోతే ఏమవుతుందో 2003లో అందరూ చూశారు. సూర్యుణ్ని చూడ్డానికి పంపిన రెస్సీ ఉపగ్రహంలో, 2002 డిసెంబర్ 6న సూర్యుడికి దగ్గరగా ఒక ప్రచండమైన జీఆర్‌బీ పడింది. దాని డేటా నుంచి కోబర్న్, బాగ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 80 శాతం ధ్రువణం ఉందని నేచర్ పత్రికలో ప్రకటించారు, పొరపాటు అవకాశం 20 శాతం అటూఇటూ. పెద్ద సంచలనం. మర్నాటి నుంచే సిద్ధాంతకారులు మోడళ్లు రాసేశారు. మరుసటి ఏడాది రట్లెడ్జ్, ఫాక్స్ అదే డేటా తీసి చూస్తే, నిజంగా రెండు డిటెక్టర్ల మధ్య స్కాటర్ అయినవని లెక్కించిన ఘటనల్లో పదో వంతు కూడా అసలైనవి కావు. మిగతావి వేర్వేరు ఫోటాన్లు యాదృచ్ఛికంగా ఒకే క్షణంలో పడ్డవి. మిగిలినవాటితో సున్నా శాతమో నూరు శాతమో కూడా చెప్పలేం. మూడో బృందమొకటి విడిగా చేసి అదే మాట అంది. మీరు చదివిన 80 శాతం ఇదేనని నా అనుమానం. ఇప్పటికీ కొన్ని పరిచయ వ్యాసాల్లో అది నిక్షేపంగా తిరుగుతోంది.

ఇంకో ఉచ్చు ఉంది, దీన్ని విద్యార్థులు తప్పకుండా చేత్తో లెక్కవేసి చూడాలని నా కోరిక. ధ్రువణ శాతం ఎప్పుడూ మైనస్‌లోకి వెళ్లదు. కాబట్టి నాయిస్ దాన్ని ఒకవైపుకే, పైకే నెడుతుంది. మీ దగ్గర బరస్ట్ నుంచి వచ్చిన మంచి ఘటనలు 1000, బ్యాక్‌గ్రౌండ్‌వి 500 ఉన్నాయనుకుందాం. నూరు శాతం ధ్రువణం ఉన్న కాంతి పడితే మీ పరికరం గీత 30 శాతం ఊగుతుందనుకుందాం, ఈ సంఖ్యనే మాడ్యులేషన్ ఫ్యాక్టర్ అంటారు. 99 శాతం నమ్మకంతో గుర్తించగల కనీస ధ్రువణం కోసం అందరూ వాడే సూత్రం ఇది: 4.29ని మాడ్యులేషన్ ఫ్యాక్టర్, సిగ్నల్ ఘటనల సంఖ్య రెండింటి లబ్ధంతో భాగించి, మొత్తం ఘటనల వర్గమూలంతో గుణించాలి. పై సంఖ్యలు వేస్తే 55 శాతం వస్తుంది. అంటే ఆ బరస్ట్‌లో 40 శాతం ధ్రువణం ఉన్నా మీరు ధీమాగా ఉందనలేరు. ఇంకా ఇబ్బందికరమైన సంగతి, అసలు ధ్రువణమే లేకపోయినా ఆ డేటా సగటున 23 శాతం ఉన్నట్టు చూపిస్తుంది. ఆ 23 శాతాన్ని మధ్య విలువగా వేసి పక్కన ప్లస్ ఆర్ మైనస్ రాసేస్తే, చూసేవాళ్లకి కొలతలా కనిపిస్తుంది. ఘటనలు పది రెట్లు చేసి చూడండి, కనీస ధ్రువణం 17 శాతం చుట్టూ ఆగుతుంది. బ్యాక్‌గ్రౌండ్ బొత్తిగా లేకుండా 10 శాతాన్ని పట్టుకోవాలన్నా 20 వేల పైచిలుకు ఘటనలు కావాలి. ఒక్క బరస్ట్ కొన్ని సెకన్లలో అన్ని ఇవ్వాలి. అలాంటివి ఏడాదికి ఏ కొన్నో.

అందుకే ‘ఇన్ని శాతం’ అన్న ఒక్క ముక్క చూసి నేనే పేపర్నీ నమ్మను. శాతాన్ని, కోణాన్ని కలిపి వేసిన సంభావ్యత పటం చూస్తాను. అది సున్నాని తాకుతోందా, ఎన్ని ఘటనలు, బరస్ట్ దిశ ఎవరు చెప్పారు, ధ్రువణం లేని గీతని ఎలా కట్టారు అని చూస్తాను. ఈ నాలుగూ పేపర్‌లో కనబడకపోతే ఆ సంఖ్యని నా పట్టికలో ఎక్కించను.

పోలార్ సుమారు ఆరు నెలలు పనిచేసి, 2017 వసంతంలో హై వోల్టేజ్ పవర్ సప్లై చెడిపోవడంతో ఆగిపోయింది. ఈలోగా 55 జీఆర్‌బీలు పట్టింది. వాటిలో బాగా ప్రకాశవంతమైన ఐదింటి ఫలితాలు 2019లో నేచర్ ఆస్ట్రానమీలో వచ్చాయి. అన్నీ 11 శాతం లోపే, సగటున 10 శాతం చుట్టుపక్కల. 2020లో 14 బరస్టులతో మరింత వివరంగా చేశారు, బరస్ట్ మొత్తాన్ని కలిపి చూస్తే తక్కువ ధ్రువణం, లేదా అసలు లేదన్నా డేటాకి అభ్యంతరం లేదు. మీరు చదివిన 10 శాతం ఇదే అయి ఉంటుంది.

మరి తక్కువేనని తేల్చేద్దామా అంటే అదీ కుదరదు. 2017 జనవరి 14న పడ్డ జీఆర్‌బీ 170114ఏ ఒకే ఒక్క చక్కటి పల్స్. మొత్తం కలిపితే ధ్రువణం 4 శాతం, అంటే లేనట్టే. కాలం ప్రకారం ముక్కలు చేస్తే మాత్రం ఒక్కో ముక్కలో 30 శాతం దాకా ఉన్నట్టు, దాని కోణం బరస్ట్ నడుస్తుండగానే తిరుగుతున్నట్టు సూచనలున్నాయి. కోణం తిరిగితే మొదటి ముక్క ఊగు రెండో ముక్క ఊగుని రద్దు చేస్తుంది, కూడిక చదునైపోతుంది. జపాన్ సోలార్ సెయిల్ ఇకారోస్ మీదున్న గ్యాప్ పరికరం కూడా జీఆర్‌బీ 100826ఏలో 27 శాతం, మధ్యలో కోణం మారిందని చెప్పింది. మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం డేటాలో జీఆర్‌బీ 160821ఏ కోణం రెండుసార్లు మారిందన్న ఫలితమూ ఉంది. మూడు వేర్వేరు పరికరాలు ఒకే మాట అనడం ఆషామాషీ కాదు. అయినా ఇక్కడ కూడా నాకో జంకు ఉంది. ముక్క చేసిన కొద్దీ ఘటనలు తగ్గుతాయి, పైన చెప్పిన పైకి నెట్టే జబ్బు ముదురుతుంది. ముక్కలు ఎక్కడ కోయాలో డేటా చూశాక నిర్ణయిస్తే కోణం తిరిగినట్టు కనిపించే చోటే కోస్తాం. అది మానవ సహజం. లైట్ కర్వ్‌ని, అంటే వెలుగు కాలంతో మారిన తీరుని, బట్టి ముందే కోసి, ఆ తర్వాతే ధ్రువణం తీసిన విశ్లేషణలకి నేను ఎక్కువ బరువిస్తాను.

ఇంత గొడవ దేనికంటే, బరస్ట్ వెలుగు ఎలా పుడుతోందో స్పెక్ట్రమ్ ఒక్కటే తేల్చలేకపోతోంది. బరస్ట్ నుంచి దూసుకొచ్చే జెట్‌లో క్రమమైన అయస్కాంత క్షేత్రం ఉండి, అందులో ఎలక్ట్రాన్లు సింక్రోట్రాన్ పద్ధతిలో, అంటే ఆ క్షేత్రం చుట్టూ తిరుగుతూ, వెలిగితే ధ్రువణం 40, 50 శాతం దాకా రావాలి. క్షేత్రం చిందరవందరగా ఉంటే, లేదా వెలుగు ఫోటోస్ఫియర్ (జెట్‌లోంచి కాంతి బయటపడగలిగే పొర) నుంచి వస్తుంటే, జెట్‌ని మనం నేరుగా ఎదురుగా చూస్తున్నప్పుడు దాదాపు సున్నా. పోలార్ ఫలితాలతో క్రమమైన క్షేత్రం, స్థిరమైన కోణం ఉన్న సులువు మోడల్ ఇరుకున పడింది. చెదిరిన క్షేత్రం, ఫోటోస్ఫియర్, తిరిగే కోణం మూడూ ఇంకా బతికే ఉన్నాయి.

మూడో ప్రశ్న. ఎక్స్‌పోశాట్ 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లింది కానీ అది ఈ పనికి కాదు. రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ చేసిన పోలిక్స్ పరికరం 8 నుంచి 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య, గురిపెట్టిన ఒక మూలాన్ని రోజుల తరబడి చూస్తుంది. జీఆర్‌బీ దానికోసం ఆగదు. మీరు చూడాల్సింది అదే శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబర్ 28న వెళ్లిన ఆస్ట్రోశాట్‌లోని సీజడ్‌టీఐని. అది చదరపు పిక్సెళ్లున్న కాడ్మియం జింక్ టెల్యురైడ్ డిటెక్టర్. 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దాటాక దాని పక్క గోడలు దాదాపు పారదర్శకం అయిపోతాయి కాబట్టి, ఎటువైపు బరస్ట్ పడ్డా తెలుస్తుంది. ఒక పిక్సెల్ నుంచి చుట్టూ ఉన్న ఎనిమిదింటిలో దేంట్లోకి మళ్లిందో చూసి కోణం తీస్తారు. అంచు ఆనుకున్న నాలుగూ ఎక్కువ, మూల ఆనుకున్న నాలుగూ తక్కువ పట్టడం సహజం, అంటే పోలార్ చదరపు గళ్ల బెడదే ఇక్కడ మరో రూపంలో ఉంది. మొదటి ఏడాది 11 బరస్టుల మీద 2019లో వచ్చిన పేపర్‌లో చాలావాటికి ధ్రువణం ఎక్కువే కనిపించింది. నాయిస్ ఘటనలు ఏరే పద్ధతి మెరుగుపరిచి, 600 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా పొడిగించి, ఐదేళ్ల డేటా నుంచి 20 బరస్టులతో 2022లో మళ్లీ చేస్తే, బరస్ట్ మొత్తం మీద చాలావాటికి ధ్రువణం తక్కువ, లేదా లేదు అని తేలింది. అంటే పోలార్, ఆస్ట్రోశాట్ మొదట్లో ఎడమొహం పెడమొహంగా ఉన్నా ఇప్పుడు దగ్గరికొచ్చాయి. ఈ రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, ఏ పాఠ్యపుస్తకమూ నేర్పనిది నేర్పుతాయి.

తర్వాత రాబోయేది పోలార్-2. చైనా కొత్త అంతరిక్ష కేంద్రం మీద ప్రయోగాలకి ఐక్యరాజ్యసమితి అంతరిక్ష కార్యాలయంతో కలిసి 2019లో ఎంపిక చేసిన తొమ్మిదింటిలో ఇదొకటి. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, రష్యా వాళ్లు కలిసి ప్రతిపాదించిన నెబ్యులా స్పెక్ట్రోస్కోపీ ప్రయోగం కూడా ఆ తొమ్మిదిలోనే ఉంది. పోలార్-2లో 6400 కడ్డీలు, 100 మాడ్యూళ్లు. ఫోటోమల్టిప్లయర్ ట్యూబుల బదులు సిలికాన్ ఫోటోమల్టిప్లయర్లు వాడతారు, వెలుగు ఎక్కువ పట్టుకుంటాయి, తక్కువ శక్తి ఫోటాన్లూ లెక్కలోకొస్తాయి. వీటికి హై వోల్టేజ్ అవసరం లేదు. పోలార్ ఎలా ఆగిపోయిందో తెలిసినవాళ్లకి ఇది చిన్న సంగతి కాదు. రేడియేషన్‌కి మాత్రం ఇవి త్వరగా లొంగుతాయి, కాలం గడిచేకొద్దీ చీకట్లోనే మెరుపులు ఎక్కువవుతాయి. వేడి చేసి కొంత నయం చెయ్యొచ్చు.

మీరు ఎమ్మెస్సీలో ఉన్నానన్నారు కాబట్టి ఒక పని చెబుతాను. పైథాన్‌లో 0 నుంచి 360 మధ్య 1500 యాదృచ్ఛిక కోణాలు పుట్టించండి. అందులో 1000 సిగ్నల్, 500 బ్యాక్‌గ్రౌండ్ అనుకోండి. 180 డిగ్రీల కొసైన్ ఫిట్ చేసి, ఊగు ఎత్తుని సిగ్నల్ సగటుతో భాగించి, 0.3తో మళ్లీ భాగించండి. దీన్నే వెయ్యిసార్లు నడిపి వచ్చిన ధ్రువణ శాతాల హిస్టోగ్రామ్ వెయ్యండి. సున్నా దగ్గర ఎన్ని పడ్డాయో, 40 దాటి ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి ఇక్కడే రాయండి. ఆస్ట్రోశాట్ పిక్సెల్ లెక్క ఎలా చెయ్యాలో అక్కడి నుంచి మాట్లాడుకుందాం.